తల్లిమనసు అనే అర్హత

అంగన్‌వాడీ కార్యకర్తల నియామకం కోసం తెలుగు జిల్లాల్లో ఏళ్ళ తరబడి వెలువడిన ప్రకటనల్ని వరసగా పెట్టి చదివితే దాదాపు అన్నిట్లోనూ ఒకే జాబితా కనిపిస్తుంది. అభ్యర్థి స్త్రీ అయి ఉండాలి. వివాహిత అయి ఉండాలి. స్థానికురాలై ఉండాలి. వయసు 21కీ 35కీ మధ్య ఉండాలి. పదో తరగతి పాసై ఉండాలి. అంతే. ఆమెకి కథ చెప్పడం వచ్చా, మొదటిరోజు గుక్కపట్టి ఏడ్చే మూడేళ్ళ పిల్లని ఎలా ఊరడిస్తుంది, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే భాష తనకి తెలుసా, చెయ్యెత్తకుండా రోజంతా పిల్లలతో గడపగలదా - ఇవేవీ ఆ జాబితాలో ఉండవు. అయిదు అర్హతల్లో చదువుకి సంబంధించింది ఒకటే. మిగతావన్నీ ఆమె ఒంటికీ, వయసుకీ, కాపురానికీ, చిరునామాకీ సంబంధించినవి.

నగరాల్లో ప్రైవేటు ప్లేస్కూళ్ళ తీరు ఇంకోలా ఉంటుంది. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలి, చూడ్డానికి చక్కగా ఉండాలి, పిల్లలంటే ప్రేమ ఉండాలి అంటారు. పెళ్ళయిందా అని కాగితం మీద అడగరు గానీ ఇంటర్వ్యూలో అడుగుతారు. అయిందంటే పిల్లల్ని ఎప్పుడు కనబోతున్నారని కూడా అడుగుతారు. పల్లెలో పెళ్ళి ఒక అర్హత, పట్నంలో అదే ఒక అనుమానం.

పైకి వేరువేరుగా కనిపించే ఈ రెండు జాబితాలూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. ఆరేళ్ళలోపు పిల్లల్ని చూసుకునే మనిషికి తల్లిమనసు ఉంటే చాలు; అది ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది; పుట్టుకతో వచ్చినదానికి శిక్షణా అక్కర్లేదు, చెప్పుకోదగ్గ జీతమూ అక్కర్లేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ప్రభుత్వ ప్రకటనని కూడా ఒక పాఠంలాగే చదవడం నాకు అలవాటు. అందులో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, రాయనక్కర్లేదనుకుని ఏం వదిలేశారన్నది అంతకన్నా ముఖ్యం. ఈ రాయని అర్హత ఎక్కడ మొదలైంది, ఏయే చేతులు మారి మన ఊరి అంగన్‌వాడీ దాకా వచ్చింది అని వెతుక్కుంటూ వెళ్తే దొరికిన చరిత్రని ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

చిన్నపిల్లల బడి అనే ఊహ ప్రపంచమంతా పాకడానికి మూలపురుషుడిగా జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పేరు చెబుతారు. 1837లో ఆయన మొదలుపెట్టిన సంస్థకి 1840లో 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. మరి తోటమాలి ఎవరు? ఆడవాళ్ళే ఉండాలన్నాడు ఫ్రోబెల్. 1844లో తల్లుల కోసం ఆటపాటల పుస్తకం వేశాడు. 1849 నుంచి యువతులకి శిక్షణ ఇవ్వడం మీదే దృష్టి పెట్టాడు. తల్లి ఒళ్ళో సహజంగా జరిగే చదువుని ఎరుకతో, పద్ధతి ప్రకారం చేసే స్త్రీ ఆయన కోరుకున్న టీచరు. ఇక్కడ ఒక మాట గమనించాలి. తల్లితనాన్ని ఆయన ఆదర్శంగా పెట్టాడు గానీ, అది శిక్షణ లేకుండానే వచ్చేస్తుందని అనలేదు.

ఆ తోటని చూసి రాజ్యం భయపడింది. నాస్తికత్వం, సామ్యవాదం నేర్పుతున్నారంటూ ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లని నిషేధించింది. ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ హాంబర్గ్‌లో స్త్రీల ఉన్నత విద్య కోసం కళాశాల నడుపుతుండేవాడు. ఆయన రాతలకీ ఈయన రాతలకీ తేడా చూడకుండా ఇద్దరినీ ఒక గాట కట్టేశారు. ఆ మర్నాటి ఏడే ఫ్రోబెల్ చనిపోయాడు. 1860లో గానీ నిషేధం తొలగలేదు. చిన్నపిల్లల చదువూ, ఆడవాళ్ళ చదువూ ఒకే ప్రమాదంలో రెండు ముఖాలుగా ఆనాటి ప్రభుత్వానికి కనిపించాయన్నమాట.

ఆ తర్వాతి తరంలో ఫ్రోబెల్ బంధువూ శిష్యురాలూ అయిన హెన్రియెట్ ష్రాడర్-బ్రైమన్ 'ఆత్మిక మాతృత్వం' అనే భావనని ముందుకి తెచ్చింది. బిడ్డని కనకపోయినా ఏ స్త్రీ అయినా తన తల్లితనాన్ని సమాజానికి పంచగలదని దాని సారాంశం. ఈ మాటని మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. పెళ్ళి తప్ప వేరే దారి లేని మధ్యతరగతి యువతులకి ఇంటి గడప దాటి గౌరవంగా బతికే వృత్తిని ఆ మాటే ఇచ్చింది. తలుపు తెరిచింది ఆ తాళంచెవే. కానీ లోపలికి వెళ్ళాక అదే తాళంచెవితో బయటినుంచి గడియ పడింది. తల్లితనం పేరుతో ఉద్యోగం సంపాదించుకున్న స్త్రీ, తల్లి జీతం అడగదు కదా అనే మాటకి జవాబు చెప్పలేని స్థితిలో పడింది.

ఇంకో విడ్డూరం. తల్లిమనసు కావాలన్న దేశాల్లోనే నిజమైన తల్లులు పనికిరాలేదు. జర్మనీలో 1880 నుంచి పెళ్ళి చేసుకున్న ఉపాధ్యాయినిని ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు. ఇంగ్లండులో పెళ్ళయిన టీచర్ల మీద ఆంక్ష తొలగడానికి 1944 దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ పెళ్ళయితే అనర్హత, ఇక్కడ పెళ్ళికాకపోతే అనర్హత. రెండుచోట్లా అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే: ఈమె ఏ మగవాడి తాలూకు?

ఈ తల్లిమనసు భావనకి మొదటి గట్టి సవాలు మారియా మాంటిస్సోరి నుంచి వచ్చింది. ఆమె డాక్టరు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. అక్కడ పనిచేసే మనిషిని టీచరు అనలేదు, నిర్దేశకురాలు అంది. ఆమె ఆ అద్దె ఇళ్ళ సముదాయంలోనే నివసించాలి. తల్లులు పిల్లల్ని శుభ్రంగా పంపాలి. వారానికొకసారైనా తల్లులు వచ్చి ఆమెతో పిల్లల సంగతులు మాట్లాడాలి - ఇవీ నియమాలు. స్థానికురాలై ఉండాలన్న షరతు మన ప్రభుత్వం కనిపెట్టింది కాదన్నమాట. కానీ కారణం వేరు. ఆ వాడ కుటుంబాల మధ్య చదువుకున్న ఒక స్త్రీ కలిసి బతకాలన్నది మాంటిస్సోరి ఆలోచన.

మొదట్లో ఆమె దగ్గర పనిచేసిన మనిషి శిక్షణ పొందిన టీచరు కూడా కాదు. అది తన అదృష్టమనే మాంటిస్సోరి భావించింది. పాత బడి అలవాట్లు అంటని మనిషి కాబట్టి చెప్పినట్టు పిల్లల్ని వాళ్ళ మానాన వదిలి గమనించగలిగింది. ఆ అనుభవం నుంచే మాంటిస్సోరి టీచరుకి కావలసిన గుణాలని తేల్చింది. గమనించడం తెలియాలి. అనవసరంగా అడ్డురాకుండా ఆగడం తెలియాలి. తనలోని కోపాన్నీ, గర్వాన్నీ గుర్తుపట్టి వదిలించుకోవాలి, ఎందుకంటే ఎదురు చెప్పలేని చిన్నపిల్లల ముందు పెద్దవాళ్ళ కోపానికి హద్దుండదు. చూడండి, ఈ గుణాల్లో ఒక్కటీ పుట్టుకతో వచ్చేది కాదు. ఒక్కటీ ఆడవాళ్ళకి మాత్రమే పరిమితమైంది కాదు. అన్నీ సాధనతో వచ్చేవే.

అదే మాంటిస్సోరి జీవితంలో తల్లితనం ఎంత బరువైన మాటో తెలిస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. 1898లో ఆమెకి పెళ్ళి కాకుండానే కొడుకు పుట్టాడు. ఆ సంగతి బయటపడితే వృత్తి పోతుంది. బిడ్డని పల్లెలో వేరే కుటుంబం పెంచింది. యుక్తవయసు వచ్చేటప్పటికి గానీ ఆ పిల్లాడు తల్లి దగ్గరికి చేరలేదు. చేరాక కూడా చాలాకాలం లోకానికి బంధువుగానే పరిచయమయ్యాడు. ప్రపంచంలోని పిల్లలందరి గురించీ మాట్లాడే హక్కు దొరకాలంటే తన బిడ్డని దాచిపెట్టుకోవాల్సి వచ్చిన స్త్రీ ఆమె. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మద్రాసు అడయారుకి వచ్చినప్పుడు ఆ కొడుకు మారియో ఆమె వెంట ఉన్నాడు. మొదటి శిక్షణ తరగతికి దేశం నలుమూలల నుంచీ సుమారు 300 మంది వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే మారియోని శత్రుదేశస్థుడని బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజుకి విడుదల చేసింది.

అయితే మాంటిస్సోరి రాకముందే ఆమె పద్ధతి మన దేశానికి వచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిర్ మొదలుపెట్టాడు. ఆయన వకీలు. కొడుకు పుట్టాక పిల్లల చదువు గురించి చదవడం మొదలుపెట్టి, వకాల్తా వదిలేసి ఇటు వచ్చాడు. కొట్టకూడదు, భయపెట్టకూడదు, కథతో, ఆటతో, పాటతో మొదలుపెట్టాలన్నాడు. జనం ఆయన్ని ప్రేమగా 'మీసాలున్న అమ్మ' అని పిలుచుకున్నారు. ఈ బిరుదు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అదే పని మగవాడు చేస్తే అమ్మతనం బిరుదయింది. ఆడవాళ్ళు చేస్తే అది వాళ్ళ స్వభావం. స్వభావానికి ఎవరూ బిరుదులివ్వరు, జీతమూ పెంచరు. గిజుభాయి గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. పిల్లలపట్ల మెత్తదనం నేర్చుకుంటే వచ్చేదే, మీసాలు దానికి అడ్డు కావని నిరూపించింది ఆయనే.

అంగన్‌వాడీ అనే మాట వెనకున్న ఇద్దరు స్త్రీలు తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్. తారాబాయి 1892లో పుట్టింది. ఆ కాలంలోనే డిగ్రీ చదివింది. భర్తతో విడిపోయి తన కాళ్ళమీద తను బతికింది. గిజుభాయితో కలిసి పనిచేసి, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే ఊళ్ళో గ్రామీణ బాలశిక్షణ కేంద్రం పెట్టింది. అనుతాయికి 13 ఏళ్ళకి పెళ్ళయింది, ఆరు నెలల్లో భర్త పోయాడు. తర్వాత చదువుకుని టీచరై, 1945లోనే తారాబాయితో చేరింది. వాళ్ళు అక్కడి ఆదివాసీ పిల్లల కోసం బడి తెరిస్తే పిల్లలు రాలేదు. అయితే బడే పిల్లల దగ్గరికి వెళ్ళాలన్నారు. వాడల్లోకి వెళ్ళి ఇళ్ళ ముంగిళ్ళలోనే కూర్చున్నారు. అంగన్ అంటే ముంగిలే. 1957లో కోస్బాడ్ కొండకి మారాక, పశువుల వెంట వెళ్ళే పిల్లల కోసం పచ్చికబయళ్ళలోనే బడి నడిపారు. ఖరీదైన మాంటిస్సోరి పరికరాల బదులు గింజలూ, గవ్వలూ, ఆకులూ, రాళ్ళూ వాడారు.

ఇప్పుడు మన నియామక ప్రకటన పట్టుకుని వీళ్ళిద్దరి దరఖాస్తులూ పరిశీలిద్దాం. 1945లో తారాబాయికి 53 ఏళ్ళు. వయోపరిమితి దాటింది. అనుతాయికి 35, అంచుమీద ఉంది. ఇద్దరూ బోర్డీకి పరాయివాళ్ళే, స్థానికత కింద ఇద్దరివీ తిరస్కరిస్తారు. ఒకామె భర్తని వదిలింది, ఇంకొకామెని విధి వదిలించింది. అంగన్‌వాడీని ఊహించిన ఇద్దరు స్త్రీలకీ అంగన్‌వాడీలో ఉద్యోగం రాదు.

మరి ఆ మార్పు ఎక్కడ జరిగింది? 1944లో యుద్ధానంతర విద్యాభివృద్ధి మీద వచ్చిన సార్జంట్ నివేదిక శిశు తరగతుల గురించి స్పష్టంగా మాట్లాడింది. పదిలక్షల మంది పిల్లలకి చోటు కల్పించాలంది. అది ఉచితంగా ఉండాలంది. ఈ పనికోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన మహిళా టీచర్లనే పెట్టాలంది. 'మహిళా' అనే మాటతోపాటు 'ప్రత్యేక శిక్షణ' అనే మాట కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిది మిగిలింది, రెండోది కరిగిపోతూ వచ్చింది.

కరిగిపోకుండా ఆపడానికి ప్రయత్నించినవాళ్ళలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. చిన్నతనంలో చేసిన పెళ్ళిని కాదని తన దారి తను వేసుకున్న స్త్రీ ఆమె. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభని స్థాపించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయింది. బోర్డు పల్లెల్లో బాల్వాడీలు పెట్టబోతే వాటిని నడిపే చదువుకున్న ఆడవాళ్ళు దొరకలేదు. అప్పుడు రెండు దారులున్నాయి. చదువు అర్హతని తగ్గించేసి దొరికినవాళ్ళతో సరిపెట్టుకోవడం ఒకటి. ఆ చదువు ఆడవాళ్ళకి అందేలా చేయడం రెండోది. బోర్డు రెండో దారి పట్టింది. మధ్యలో చదువాగిపోయిన వయోజన స్త్రీలకి 1958 నుంచి సంక్షిప్త విద్యా కోర్సులు నడిపింది. భర్త పోయినవాళ్ళూ, భర్త వదిలేసినవాళ్ళూ, బడి మొహం చూసి ఏళ్ళు గడిచినవాళ్ళూ రెండేళ్ళు చదువుకుని పరీక్ష రాసి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు, బాలసేవికలు అయ్యారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. టీచరులో ఏ గుణాలు వెతకాలన్న ప్రశ్నని దుర్గాబాయి తిరగేసింది. గుణాలు వెతికితే దొరికేవి కావు, ఖర్చుపెట్టి తయారుచేసుకోవలసినవి అంది.

కానీ ఆ పథకాల్లోనే పేరు దగ్గర ఒక మెలిక పడింది. బాలసేవిక, గ్రామసేవిక. సేవ చేసే మనిషి సేవిక. సేవకి ప్రతిఫలం పుణ్యం, జీతం కాదు. ఈ వృత్తికి మన భాషలో ఉన్న పేర్లని చూడండి. పంతులమ్మలో పంతులూ ఉన్నాడు, అమ్మా ఉంది. ఆయా అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చి, దొరల ఇళ్ళలో పిల్లల్ని ఎత్తుకున్న నల్ల చేతుల మీదుగా మన ఆసుపత్రులకీ బడులకీ చేరింది. కార్యకర్త అన్నది ఉద్యమాల నుంచి తెచ్చుకున్న మాట. స్వచ్ఛందంగా పనిచేస్తుందని దాని ధ్వని. తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్ అంటున్నారు. పిల్లలు ఎప్పటినుంచో టీచరమ్మ అనే అంటున్నారు. పిల్లలకి ముందే తెలిసింది ప్రభుత్వాలకి ఆలస్యంగా తెలిసిందనుకోవాలి.

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య బోధన, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య - ఆరు సేవలూ ఒకే మనిషి భుజాల మీద పెట్టారు. ఆ మనిషిని ఉద్యోగి అనలేదు. గౌరవ కార్యకర్త అన్నారు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. మొదట్లో మెట్రిక్ చదివినామెకి నెలకి 150 రూపాయలు, చదవనామెకి 100, సహాయకురాలికి 35. 1992లో మెట్రిక్ చదివినామెకి 400. 2002లో 1,000. 2011లో 3,000. 2018 అక్టోబర్ నుంచి 4,500. రాష్ట్రాలు దీనికి తమ వాటా కలుపుతాయి. చదివినామెకీ చదవనామెకీ మధ్య 1975లో 50 రూపాయలున్న తేడా 2002 నాటికి 62 రూపాయలయింది. చదువుకి ప్రభుత్వం కట్టిన విలువ అది. మొదట నెలల తరబడి ఉండే ఉద్యోగ శిక్షణని తర్వాతి కాలంలో 26 పనిదినాలకి కుదించారు.

శిశువిద్య మీద ఏ సెమినార్‌కి వెళ్ళినా ఒక లెక్క వినిపిస్తుంది. చిన్నపిల్లల చదువు మీద ఒక డాలరు పెడితే ఏడు డాలర్లు తిరిగొస్తాయని. ఆ లెక్క 1962లో అమెరికాలోని ఇప్సిలాంటి అనే ఊళ్ళో పేద నల్లజాతి పిల్లలతో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం నుంచి వచ్చింది. 123 మంది పిల్లల్లో 58 మందిని ఆ బడికి పంపి, అందరినీ దశాబ్దాలపాటు గమనించారు. అక్కడ పనిచేసినవాళ్ళు డిగ్రీ చదివి, ప్రభుత్వ బడుల్లో పనిచేసే అర్హత ఉన్న టీచర్లు. ప్రభుత్వ బడి టీచర్లకి తగ్గని జీతమిచ్చారు. మన వక్తలు ఏడు డాలర్ల సంగతి చెబుతారు, టీచర్ల జీతం సంగతి చెప్పరు.

మళ్ళీ ఆ రెండు షరతుల దగ్గరికి వస్తాను. స్థానికురాలై ఉండాలన్నదాన్ని నేను పూర్తిగా కాదనలేను. కోయ, గోండు, సవర పిల్లలు మొదటిసారి బడికి వచ్చినప్పుడు వాళ్ళ భాషలో పలకరించే మనిషి ఉండటం ఎంత పెద్ద విషయమో ఆదివాసీ ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. దళితవాడ పిల్లలకీ అంతే. ఊరి మధ్యలో పెట్టిన కేంద్రానికి వాడ పిల్లలు రాలేకపోతున్నారనే ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలోనూ అంగన్‌వాడీలు పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ వాడ అమ్మాయే అక్కడి టీచరైతే పిల్లలకి అదొక ధైర్యం. కానీ ప్రకటనలో అడిగేది భాష కాదు, నివాస ధ్రువీకరణ పత్రం. పిల్లల నుడి తెలిసిన మనిషి కావాలని రాస్తే అది విద్యార్హత అవుతుంది. ఆ ఊరి కోడలై ఉండాలని రాస్తే అది కాపురానికి హామీపత్రం అవుతుంది.

పెళ్ళి షరతు వెనక ఉన్న వాదం కూడా అదే. పెళ్ళికాని పిల్ల రేపు అత్తారింటికి వెళ్ళిపోతుంది, కేంద్రం మూతపడుతుంది అంటారు. ఆడదానికి తనదంటూ ఒక ఊరు ఉండదని, భర్త ఊరే ఆమె ఊరని ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకోవడం ఇది. 2023 సెప్టెంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఈ షరతుని కొట్టేసింది. పెళ్ళి కాలేదన్న కారణంతో ఒక స్త్రీకి అంగన్‌వాడీ ఉద్యోగం నిరాకరించడం అహేతుకమనీ, రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కులకి విరుద్ధమనీ చెప్పింది. పెళ్ళి చేసుకోని స్త్రీలు, చేసుకోదలుచుకోని స్త్రీలు, చేసుకోలేని స్త్రీలు పిల్లలకి కథ చెప్పలేరా? ఇంత చిన్న ప్రశ్న కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఉద్యోగ హోదా విషయంలో కోర్టుల దారి మరీ మెల్లగా సాగింది. అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ కొలువు కాదని 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు అంది. పదహారేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్ 25న, గుజరాత్ కార్యకర్తలు వేసిన కేసులో అదే కోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చింది. ఆహారభద్రతా చట్టం, విద్యాహక్కు చట్టం కింద వాళ్ళు చట్టబద్ధమైన బాధ్యతలు నిర్వర్తిస్తున్నారనీ, గౌరవ వేతనమని పేరు పెట్టినా అది వేతనమేననీ చెప్పింది. పథకం పుట్టిన 47 ఏళ్ళకి గౌరవం లోపలున్న వేతనం బయటపడింది.

హక్కు కాగితం మీదకి వచ్చినంత మాత్రాన చేతికి రాదు. 2023లో తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మె చేశారు. అదే ఏడాది డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి అక్కడ కార్యకర్తలకి వస్తున్నది 11,500 రూపాయలు. కనీసవేతనం 26,000 కావాలనీ, గ్రాట్యుటీ ఇవ్వాలనీ అడిగారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. మామూలు రోజుల్లో గౌరవ కార్యకర్తలు, సమ్మె చేస్తే అత్యవసర సేవల సిబ్బంది! అంతకుముందే చాలాచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ ఉద్యోగులతో నడిపించాలని చూశారు. ఆ ఉద్యోగులకి పెళ్ళయిందా, వాళ్ళు ఆ ఊరివాళ్ళేనా, వాళ్ళకి తల్లిమనసు ఉందా అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన కార్యకర్తలకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకి ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు కనీస అర్హతని ఇంటర్‌కి పెంచాయి. మంచిదే. కానీ ఆ కోర్సులు డిజిటల్ పద్ధతిలో, స్మార్ట్‌ఫోన్ల ద్వారా, ఉన్న పనికి ఇబ్బంది లేకుండా చదువుకోవాలని కూడా ఆ విధానమే చెబుతోంది. పొద్దున పిల్లలతో, మధ్యాహ్నం వంటతో, సాయంత్రం పోషణ్ ట్రాకర్ యాప్‌తో కుస్తీ పట్టిన మనిషి రాత్రి ఫోన్‌లో పాఠం వినాలి. ఆ రాత్రివేళ ఆమె ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న ఏ విధానపత్రంలోనూ లేదు. దుర్గాబాయి కాలంలో ఆడవాళ్ళని చదువుకోసం రెండేళ్ళు కూర్చోబెట్టారు. ఇప్పుడు చదువుని ఆమె పని మీద ఇంకో పనిగా పేర్చుతున్నారు.

ఇంతకీ చిన్నపిల్లల టీచరుకి ఏ గుణాలుండాలి? చరిత్ర చదివాక నా జాబితా ఇది. పిల్లని చూడ్డం రావాలి. ఈ పిల్ల ఎందుకు మాట్లాడటం లేదో, ఆ పిల్లాడు ఎందుకు కొరుకుతున్నాడో గమనించే ఓపిక ఉండాలి. పిల్లల ఇంటిభాషని తక్కువ చేయకూడదు. కులం అడగకుండా అందరినీ ఒక్కలాగే ఎత్తుకోవాలి. కోపాన్ని పిల్లల మీద తీర్చుకోకూడదు. కథ, పాట, మట్టి, నీళ్ళు, రంగులతో రోజుని అల్లడం తెలియాలి. ఒక తల్లితో ఆమె బిడ్డ గురించి ఆమెని కించపరచకుండా మాట్లాడటం తెలియాలి. వీటిలో ప్రతిదీ నేర్చుకుంటే వస్తుంది. ప్రతిదానికీ సమయం, శిక్షణ, కడుపునిండా తిండి, ప్రశాంతమైన మనసు కావాలి. నలభైమంది పిల్లలు, అద్దెకట్టని గది, ఆగిపోయిన వేతనం మధ్య ఏ తల్లిమనసూ నిలబడదు. కన్నతల్లి మనసే నిలబడదు.

ప్రేమ ఈ పనిలో లేదనడం లేదు నేను. స్త్రీవాదులు తల్లి ప్రేమని తక్కువ చేస్తారన్న నింద మనకి కొత్త కాదు. ప్రేమ ఉంటుంది. ఏళ్ళ తరబడి అంగన్‌వాడీ నడిపిన ఏ ఆడమనిషినైనా అడిగి చూడండి, ఇప్పుడు పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళని కూడా ముద్దుపేరుతో గుర్తుచేసుకుంటుంది. కానీ ఆ ప్రేమ ఆ పని చేయడంలోంచి పుట్టింది, పనికి ముందు అర్హతగా తెచ్చుకున్నది కాదు. దాన్ని చూపించి వేతనం ఎగ్గొట్టడం మాత్రం ప్రేమ కాదు. మనలో చాలామందిమి యూనివర్సిటీలకీ ఆఫీసులకీ వెళ్ళి ఈ మాటలు రాయగలుగుతున్నామంటే, మన పిల్లల్ని ఎక్కడో ఎవరో ఒక స్త్రీ చూసుకుంటూ ఉండబట్టే. ఆమెలో ఏ గుణాలుండాలని మనం అడుగుతున్నాం. ఆమె మనల్నీ, మన ప్రభుత్వాల్నీ పనిలో పెట్టుకునేటప్పుడు ఏ గుణాలుండాలని అడగాలో కూడా ఆలోచించాల్సిన సమయం వచ్చింది.